నూట పదిహేడుకు మేత

ఆదివారం. అలిపిరి బస్సులన్నీ నిండుగా పోతుంటాయి.
నేను ఆసుపత్రి స్టాపులో దిగేస్తాను.
"ఈరోజు కూడానా మే?" అంటాడు గేటు దగ్గర దొరస్వామన్న.
"వాటికి ఆదివారం తెలీదన్నా."

మూడో అంతస్తు. చెప్పులు బయట.
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చటి తలుపు వెనక
ఫ్లాస్కుల్లో నా జీవాలు.
గులాబీ రంగు నీళ్ళు పసుపుకు తిరిగాయంటే
ఆకలేసిందని గుర్తు.
పాతవి తీసి కొత్తవి పోస్తాను
బుడగ రాకుండా, గోడమీదుగా.
మొదటి నెలంతా ఈ ఒక్కదానికే తిట్లు తిన్నాను.
మీ పాపది ఏం ఉద్యోగమని ఎవరన్నా అడిగితే
"రక్తం పరీక్ష చేస్తుంది" అంటుంది మాయమ్మ.
కాదమ్మా,
రక్తానికి అన్నం పెడతాను.

పోయిన మంగళవారం చెంగల్రాయుడు తెచ్చాడు,
ఐసు వద్దని ఎన్నిసార్లు చెప్పినా ఐసు డబ్బాలోనే,
ఊదా మూత ట్యూబు ఒకటి.
పేరు ఉండదు. ఉండకూడదు.
నూట పదిహేడు. మగ. నలభై రెండు. ఊపిరితిత్తి.
నాకు అందినంత మనిషి అంతే.
సెంట్రిఫ్యూజ్ ఆగాక
ఎరుపు అడుగుకు, పసుపు పైకి,
నడుమ పాలమనేరు పాలమీద
అప్పుడప్పుడే కట్టే మీగడంత తెల్లటి పొర.
పోట్లాడేవాళ్ళంతా ఆ పొరలోనే ఉంటారు.

నీలం చుక్క కలిపి గాజుపలక మీద లెక్కపెట్టాను.
చచ్చిన కణం రంగు తాగేస్తుంది.
బతికున్నది లోపలికి రానివ్వదు,
తెల్లగా మెరుస్తూ నిలబడుతుంది.
నూరుకు ఎనభై ఎనిమిది.
ఇంతమంది ఉండి కూడా
గడ్డ కణాలను చూపిస్తే
పక్కన కూచున్నాయి. కొట్టలేదు.
ఇందుమతి మేడం బోర్డు మీద రాసింది: అలసట.
శాస్త్రంలో ఇంత ఇంటిమాట ఉంటుందని
నేననుకోలేదు.
ఒకే శత్రువును ఏళ్ళ తరబడి చూసి చూసి
చెయ్యెత్తడం మరిచిపోయినవి.
వాటి ఒంటిమీద ఒక గొళ్ళెం ఉంటుందంట.

ఆ గొళ్ళెం పడకుండా మందు వేసి
శుక్రవారం రాత్రి పదకొండు దాకా కూచున్నాను.
కరెంటు పోయింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి అందుకుంది.
తెరమీద, ఒక చిన్న గుండ్రం
తనకు మూడింతలున్నదాన్ని ఆనుకుంది,
చెవిలో ఏదో చెప్పేదాని మాదిరి.
పెద్దది ఉబ్బింది. పొక్కులు పోసింది. చెదిరింది.
"కొట్టు" అన్నాను పైకే, ఖాళీ గదిలో.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఈ ఊర్లో గుండును ఎవరూ తిరిగి చూడరు.
నిన్న లిఫ్టులో రెండు గుండ్లు.
ఒకదానికి చందనం పూత,
ఇంకొకాయనకు ముంజేతి మీద దూది, ప్లాస్టరు.
చందనం ఆయన అడిగాడు,
"మీరెప్పుడు ఎక్కినారు కొండ?"
దూది ఆయన కాసేపు ఆగి
"ఇంకా ఎక్కతానే ఉండా సామీ" అన్నాడు.
నలభై రెండేళ్ళు ఉంటాయా?
నేను ఆ లెక్క పెట్టకూడదు.
వెలిగి ఆరే అంతస్తుల అంకెల మీదికి
చూపు తిప్పుకున్నాను.

ఈ పొద్దున చెంగల్రాయుడి ఫోను.
"నూట పదిహేడు ఇంక రాడు మే.
రెండో ట్యూబు కోసం చూడొద్దు."
ఎందుకని నేను అడగలేదు.
ఆయనా చెప్పలేదు.
వెనక ఎవరో డిశ్చార్జి కాగితాలని అరుస్తున్నారు.
ఇంటికి పోయుంటాడు అనుకోవచ్చు,
కార్వేటినగరానికో సత్యవేడుకో.
అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.
అనుమతి కాగితం మాత్రం నా ఫైల్లో ఉంది:
నా రక్తమును పరిశోధనకు వాడుకొనవచ్చును.
కింద వేలిముద్ర, కొంచెం పక్కకు జారి.

ఫ్లాస్కు తీసి వెలుతురుకు పట్టాను.
పసుపు.
మంగళవారం పది లక్షలు. ఈరోజు అరవై.
ఈ మాట ఎవరికి చెప్పాలి?

మూత తీశాను.
బుడగ రాకుండా, గోడమీదుగా పోశాను.
మార్కరుతో పాత తేదీ కొట్టేసి రాశాను:
నూట పదిహేడు.
మళ్ళీ మేత బుధవారం.